ఊకలో నూక

ఎండాకాలం. గుంటూరు. మిర్చి యార్డు వెనక ఖాళీ స్థలం.
షామియానా కింద జనం కంటే కుర్చీలు ఎక్కువ.
నా పేరు నాగుల్ మీరా, లాలాపేటలో మైకుసెట్ల షాపు.
ముప్పై ఒక్క ఏళ్లుగా ఇక్కడ ఎవరు మాట్లాడాలన్నా
ముందు మాట్లాడేది నేనే:
హలో, హలో, మైక్ టెస్టింగ్.
దానికి మాత్రం అందరూ తల తిప్పి చూస్తారు.

వక్త లేచాడు.
‘సమయాభావం వల్ల రెండే రెండు మాటలు’ అన్నాడు.
ఆ రెండు మాటల పొడుగు నాకు తెలుసు.
జనరేటర్‌లో ఇంకో మూడు లీటర్లు పోయించి వచ్చాను.

మొదట మహనీయుల పేర్లు, తరవాత వేదిక మీదున్నవాళ్ల పేర్లు,
ఆ తరవాత వేదిక మీదికి రాలేకపోయినవాళ్ల పేర్లు.
ఈ సందర్భంగా. మళ్లీ, ఈ సందర్భంగా.
సందర్భమేమిటో వెనక కట్టిన ఫ్లెక్సీ మీద తప్ప ఎక్కడా లేదు.
మధ్యలో గాలి తిరిగింది. యార్డు ఘాటు గొంతులో పడి
ఆయన దగ్గితే, నాలుగు హారన్లూ దగ్గాయి.
అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు.

‘ఊకదంపుడు’ అన్నాడు వైర్లు చుట్టే కరిముల్లా.

బాక్సు నీడలో కూర్చున్న ముసలామె తిరిగి చూసింది.
ఎస్తేరమ్మ. యార్డులో మిరపకాయల తొడిమలు తీస్తుంది.
ఇవాళ మూడొందలకీ, పులిహోర పొట్లానికీ వచ్చింది.
ఎడం చెవి వినపడదు. ఆ చెవినే బాక్సు వైపు పెట్టుకుంది.

‘నువ్వెప్పుడన్నా దంచావంట్రా, ఊక?’

వాడు నవ్వాడు. రోకలి ఎన్నడూ పట్టలేదు,
మాట పట్టుకున్నాడంతే. నాలాగే.

‘చేబ్రోలు దగ్గర ఆసామి వాకిట్లో మా అమ్మ దంచేది.
బస్తా వడ్లు, ముగ్గురాడోళ్లు, ఒకటే రోలు.
అరిచేతులు బొబ్బలెక్కి పగిలేయి.
బియ్యం లోపలికి పోయేయి. తవుడు గేదెకి.
ఊకెవరిక్కావాల? మాకే ఇచ్చేవోళ్లు, దయతలిచి.
గంపకెత్తుకొచ్చి, అన్నాలేళప్పుడు, ఎన్నెల్లో
మళ్లీ దంచేది మా అమ్మ.
దారినపోయే మొగోళ్లు ఆగి నవ్వేవోళ్లు:
ఏందే, ఊక దంచుతున్నావు?
ఆ నవ్వులో పుట్టిందిరా మీ మాట.
దంచినదాన్ని ఎవరూ అడగలా.’

నిఘంటువులో ఇలా ఉండదు.
ఊకలో గింజ లేదు కనుక దంచడం వృథా,
వృథా ప్రసంగానికి ఆ పేరు. అంతే, చుక్క.
తప్పని నేననను. వేదిక మీద చూస్తూనే ఉన్నాగా.

‘మరి ఏమన్నా వచ్చేదా మామ్మా?’

‘చెరిగితే గుప్పెడు నూకలు. ఒక్కోనాడు దోసెడు.
జావ కాచేది.
భూమ్మీద నూకలుండబట్టి బతికాడంటారే,
నాకున్నయ్యి అయ్యే.’

వేదిక మీద ‘చివరిగా ఒక్క మాట’ మూడోసారి వచ్చింది.
ఎస్తేరమ్మ మంచి చెవిని అటు తిప్పి
చేట పట్టినట్టు తల కాస్త వంచి, వింది.
నేనూ విన్నాను, ఇన్నేళ్లలో మొదటిసారి,
వాల్యూం కోసం కాకుండా.
తొడిమల కూలి రేటు అంటాడా?
ఆడవాళ్లకి మరుగుదొడ్డి అంటాడా?
అనలేదు.
‘మా ఊకే నయం’ అని ఆమె పొట్లం విప్పింది.

చీకటి పడింది. కుర్చీలు లారీ ఎక్కుతున్నాయి.
డబ్బులిచ్చే మనిషి కోసం ఆమె ఇంకా అక్కడే ఉంది.
స్టాండు దగ్గరికొచ్చి మైకుని వేలితో పొడిచింది.
నేనింకా ఆపలేదు.

దబ్.

ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. చుట్టూ చూసింది.
మళ్లీ పొడిచింది. దబ్. కాస్త ఆగి, దబ్.
రోకలి లేచి దిగడానికి ఎంత పడుతుందో
అంతే ఆగి.
కరిముల్లా వైరు చుట్టడం మానేశాడు.
లారీ మీది కుర్రాళ్లు కూడా ఇటే చూశారు.
ఎంతసేపో తెలీదు. నా చెయ్యి స్విచ్ మీదే ఉంది.

తరవాత కొంగుతో మైకు తుడిచి
‘నా మూడొందలు ఎవరిస్తారయ్యా?’ అంది.

నాలుగు హారన్లూ అడిగాయి.